కట్టేశాను

జూన్ 5, గురువారం

ఇది గడ్డి మిషన్ల లాగ్‌బుక్కు. మొదటి పదకొండు పేజీల్లో ఆయిలు ఎప్పుడు మార్చానో, బ్లేడుకు ఎప్పుడు ఆకురాయి పట్టానో రాసి ఉంది. తర్వాత ఆఫీసువాళ్లు అచ్చువేసిన కొత్త పుస్తకం ఇచ్చారు. అప్పటినుంచి ఇది షెడ్డులో నా రేకు పెట్టెలో పడి ఉంది. దీన్ని ఎవరూ అడగరు, కాబట్టి ఇక నాకోసం రాసుకుంటాను. మధ్యాహ్నం భోజనాల గంటలో షెడ్డులో నేనొక్కణ్ణే ఉంటాను. ఈ సోమవారం దాకా ఇద్దరం ఉండేవాళ్లం.

మొన్న మంగళవారం పొద్దున పదిన్నరకు, నీళ్ల కేంద్రంలో రెండో ట్యాంకు వాలు మీద, నాకు సాయంగా పనిచేసే మా బావమరిది కుడిచెయ్యి రెండో నంబరు మిషన్‌లో పడింది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు పోయాయి. బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి.

మిషన్‌లో లోపం ఉండి ఉంటుంది. క్లచ్చి కేబులు పాతబడింది. నేను ఎప్పటినుంచో చెబుతూనే ఉన్నాను. చెప్పలేదేమో గానీ, అనుకుంటూనే ఉన్నాను.

జూన్ 6, శుక్రవారం

కేబులు విప్పి చూశాను. పైకి బాగానే ఉంది. పైకి అన్నీ బాగానే ఉంటాయి.

జూన్ 7, శనివారం

ఆసుపత్రికి వెళ్లాను. వాడు నన్ను చూడగానే లేచి కూర్చోబోయాడు. చెయ్యి మోచేతి దాకా తెల్లటి కట్టు.

"బావా, మిషన్ను వాలు మీదే వదిలేశారా? చక్రానికి రాయి అడ్డం పెట్టారా?" అన్నాడు.

వాణ్ణి నేను వకీలు అని పిలుస్తాను. మూడు నెలల కిందట సేఫ్టీ మేడమ్ వచ్చి షెడ్డు గోడకు పద్నాలుగు పాయింట్ల చార్టు అంటించి వెళ్లింది. ఇరవై రెండేళ్లుగా ఈ నీళ్ల కేంద్రంలో గడ్డి కోస్తున్నవాణ్ణి, నేను దాని వంక చూడలేదు. వీడు వారంలో కంఠస్థం చేశాడు. ఇక అక్కడినుంచి మొదలు. బావా, చెప్పులతో వద్దు, నాలుగో పాయింటు. బావా, ఇంజను వేడిగా ఉన్నప్పుడు పెట్రోలు పొయ్యకు, ఆరో పాయింటు. బావా, మిషన్ను పడుకోబెట్టేటప్పుడు ఎయిర్ ఫిల్టరు పైకి ఉండాలి. నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. "ఒరే వకీలూ, నువ్వు పుట్టకముందే నేను ఈ మిషన్లకు నూనె పెట్టాను" అనేవాణ్ణి. అది కూడా నిజం కాదు. వాడికి ముప్పై ఒకటి.

మా ఆవిడ మంచం పక్కన కూర్చుని వాడికి నోట్లో ముద్దలు పెడుతోంది. తమ్ముడే గానీ ఆరేళ్ల వయసునుంచి పెంచింది ఆవిడే. పెడుతూనే తిడుతోంది.

"ఎంత తొందర రా నీకు! మీ బావ ఇన్నేళ్లుగా చేస్తున్నాడు, ఒక్క గోరు ఊడిందా? ఆయన్ని చూసైనా నేర్చుకోవద్దా?"

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కిటికీలోంచి బయటికి చూశాను. ఆసుపత్రి వాళ్ల లాన్ ఉంది. ఎవడో మరీ పొట్టిగా కోశాడు. ఇంత పొట్టిగా కోస్తే ఎండకు వేళ్లు పోతాయి అనుకుని, ఆ మాటకు నాలుక కరుచుకున్నాను. నా బుర్రలో మాటలు ఇలాగే జంటలు జంటలుగా వస్తాయి. చిన్నప్పటినుంచీ ఉన్న పాడు అలవాటు.

జూన్ 9, సోమవారం

సేఫ్టీ మేడమ్ వచ్చింది. పక్కన టైపు చేసే గుమస్తా. పంపుహౌసు వెనక గదిలో కూర్చోబెట్టి అడిగారు. ఆవిడ మంచిదే, గొంతు పెంచదు. అదే ఎక్కువ భయం.

"గడ్డి బయటికొచ్చే మూతిలో తడిగడ్డి ఇరుక్కుంది. అప్పుడు?"

"వాడు తీస్తానని వచ్చాడు మేడమ్. 'బావా, కట్టేశావా?' అని అరిచాడు. చెవులకు మోత ఆపే డిప్పలున్నాయి కదా, పైగా పంపుల మోత."

"మీరేమన్నారు?"

"కట్టేశాను అన్నాను."

"అంటే లివరు వదిలి బ్లేడు ఆపేశారు."

నేను ఔననలేదు, కాదనలేదు. గుమస్తా మాత్రం టకటకా కొట్టేశాడు. చదివి వినిపించాడు. 'బ్లేడు నిలిపివేసినట్లు సహాయకునికి తెలిపితిని.' కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను.

నేను అబద్ధం ఆడలేదు. అన్న మాట అన్నట్టే చెప్పాను. కాగితంలో ఉన్నది నా మాట కాదు, ఆవిడ మాట.

జూన్ 10, మంగళవారం

సంతకం మాత్రం నాది.

జూన్ 14, శనివారం

వాణ్ణి ఇంటికి తీసుకొచ్చాం. బస్సులో కిటికీ పక్క కూర్చోబెట్టి, కట్టుకు ఎవరూ తగలకుండా నేను అడ్డంగా నిలబడ్డాను. ఓ పెద్దాయన చూసి "అన్నదమ్ములంటే ఇలా ఉండాలి" అన్నాడు. వాడు నవ్వి "బావగారండీ" అన్నాడు. నాకు బస్సులోంచి దూకేయాలనిపించింది.

ఇంట్లో మా ఆవిడ గ్లాసుతో నీళ్లు ఇచ్చింది. వాడు తీసుకోలేదు. గ్లాసు వంక చూస్తూ పెదవులు కదిపాడు. తర్వాత ఎడమచేత్తో అందుకున్నాడు. తలుపు గొళ్లెం దగ్గరా అంతే. ఫ్యాను స్విచ్చి దగ్గరా అంతే.

"ఏంట్రా, మంత్రాలు చదువుతున్నావా?" అంది ఆవిడ.

"మూడు లెక్కపెడుతున్నానక్కా. లివరు వదిలాక బ్లేడు ఆగడానికి మూడు సెకన్లు పడుతుంది. ఎనిమిదో పాయింటు. నేను ఆగలేదు. బావ కట్టేశానన్నాడు, వెంటనే పెట్టేశాను."

"పెట్టేశావా, ఆగావా, నీకు గుర్తుందా?" అన్నాను నేను. ఎందుకడిగానో.

"ఆగాననే అనిపిస్తుంది బావా. అప్పుడు కూడా లెక్కపెట్టాననే అనిపిస్తుంది. కానీ లెక్కపెడితే చెయ్యి ఎందుకు పోతుంది? లెక్కపెట్టి ఉండను. నా బుర్రే నాకు అబద్ధం చెబుతోంది."

వాడు లెక్కపెట్టాడు. వకీలు కదా, లెక్కపెట్టకుండా ఉంటాడా.

జూన్ 17, మంగళవారం

ఇవాళ రాసేస్తాను. రాస్తే ఏమీ కాదు, ఇది నా పుస్తకం.

రెండో నంబరు మిషన్ పెద్దది. వెనక హ్యాండిలు మీద ఒక లివరు ఉంటుంది. దాన్ని హ్యాండిలుతో కలిపి నొక్కి పట్టుకున్నంతసేపే కింద బ్లేడు తిరుగుతుంది. వదిలామా, బ్లేడు ఆగిపోతుంది. ఇంజను మాత్రం నడుస్తూనే ఉంటుంది. చిన్న మిషన్లలో ఇంజను కూడా ఆగుతుంది, ఇందులో ఆగదు. మేం దాన్ని అలక లివరు అంటాం. చెయ్యి తీస్తే చాలు, అలిగి పని మానేస్తుందని. ఆ పేరు పెట్టింది నేనే.

రెండో ట్యాంకు వాలు నూట నలభై అడుగులు. పైనుంచి కిందికి కాదు, అడ్డంగా కోయాలి. గంటసేపు ఆ లివరు నొక్కి పట్టుకుంటే వేళ్లు తిమ్మిరెక్కి, సాయంత్రం చెంచా కూడా పట్టుకోలేం. అందుకని అందరూ కడతారు. సైకిలు ట్యూబు ముక్క కోసి, లివరును హ్యాండిలుకు కలిపి బిగించేస్తే అయిపోయింది. చెయ్యి పట్టినా పట్టకపోయినా బ్లేడు తిరుగుతూనే ఉంటుంది. అందరూ కడతారు. నేనొక్కణ్ణే కాదు.

చార్టు వచ్చాక వాడు గోల పెట్టి మాన్పించాడు. నా ట్యూబు ముక్కలన్నీ ఏరి చెత్తలో పారేశాడు. ఆ మంగళవారం పొద్దున నా జేబులో ఒకటి మిగిలింది. నల్ల హ్యాండిలు మీద నల్ల ముక్క, దూరంనుంచి కనిపించదు.

నేను హ్యాండిలు వదిలి పక్కకు వచ్చి నిలబడ్డాను. వదిలానంటే లివరు కూడా వదిలినట్టే అనుకుంటాడు కదా ఎవడైనా. ఇంజను నడుస్తోంది, అది ఎప్పుడూ నడుస్తుంది. అడిగాడు. చెప్పాను. నేను గడ్డి సంచి దులపడానికి అటు తిరిగాను.

ఆ కేక విని ముందు వాడి దగ్గరకు వెళ్లలేదు నేను. ముందు ట్యూబు పీకాను. బ్లేడు ఆగాలి కదా, అందుకే పీకాను. కానీ పీకిందాన్ని గడ్డిలో పడెయ్యకుండా జేబులో ఎందుకు పెట్టుకున్నాను? వాడు అక్కడ రక్తంలో ఉన్నాడు, నేను జేబు సర్దుకుంటున్నాను.

జూన్ 20, శుక్రవారం

వాన. గడ్డి కోయలేదు. తడిగడ్డి కోయకూడదు, రెండో పాయింటు. ఆ మంగళవారం కూడా తడిగానే ఉంది. వాడు చెప్పాడు కూడా.

జూన్ 24, మంగళవారం

మేడమ్ రెండో నంబరు మిషన్ను సిమెంటు గచ్చు మీద పెట్టించి పరీక్ష చేయించింది. లివరు వదలడం, గడియారం చూడడం. పదిసార్లు చేశారు. పదిసార్లూ మూడు సెకన్లలోపే బ్లేడు ఆగింది. నేనే ఆకురాయి పట్టి, మేకుకు తగిలించి రెండు వైపులా బరువు సమంగా చూసి బిగించిన బ్లేడు. నేనే గ్రీజు పెట్టిన కేబులు. "ఇంత బాగా చూసుకున్న మిషన్ ఇంకెక్కడా చూడలేదు" అంది నాతో. మెచ్చుకుంది! సూపర్‌వైజరు నా భుజం తట్టాడు.

సాయంత్రానికి కాగితం వచ్చింది. మిషన్‌లో లోపం లేదు. నడిపేవాడు ఆపానని చెప్పాడు. కాబట్టి సహాయకుడు బ్లేడు ఆగకముందే చెయ్యి పెట్టాడు. జులై పదకొండున విచారణ. తప్పు వాడిదని తేలితే పనిలోంచి తీసేస్తారు. వాడిది కాదని తేలితే పంపుహౌసులో గేజీలు చూసే పని ఇస్తారు. కూర్చుని ముల్లు ఎక్కడుందో చూసి పలకడమే, రెండు వేళ్లవాడైనా చేయగలడు.

వాడు కాగితం రెండుసార్లు చదివాడు. "న్యాయంగానే రాశారు బావా" అన్నాడు.

జూన్ 26, గురువారం

అడ్డంగా కోశాను. లివరు చేత్తోనే పట్టుకున్నాను. ఇప్పుడు అందరూ చేత్తోనే పట్టుకుంటున్నారు. ఎవరూ ఎవరితోనూ ఏమీ అనలేదు, ట్యూబు ముక్కలు మాత్రం మాయమైపోయాయి.

జూన్ 28, శనివారం

చెప్పేద్దామనే వాడి గదిలోకి వెళ్లాను. వాడు చొక్కా వేసుకుంటున్నాడు. దర్జీ పని చేసినవాడు. కొట్టు మూతపడితే నేనే ఇక్కడికి తీసుకొచ్చాను, "అదీ కత్తిరింపే, ఇదీ కత్తిరింపే, రా" అని. వేల కాజాలు కుట్టినవాడు కాజాలో గుండీ దూర్చలేకపోతున్నాడు. ఎడమచేత్తో దూరుస్తాడు, జారుతుంది. మళ్లీ పెదవులు కదుపుతాడు, ఒకటి, రెండు, మూడు. గుండీకి కూడా లెక్కే.

"ఒరే, ఆ రోజు..." అన్నాను.

"వదిలెయ్ బావా. నువ్వు చెప్పావుగా, కట్టేశానని. నీ తప్పేముంది? నువ్వు మనసులో పెట్టుకోకు. అక్క అంటోంది, నువ్వు సరిగా తినడం లేదట."

"చొక్కా వదులైపోయింది నీకు" అన్నాను. వాడికి గుండీలు పెట్టి బయటికొచ్చాను. నాలాంటి పిరికిపంద ఇంకొకడు ఉండడు.

జూన్ 30, సోమవారం

ఇది మాట తేడా. అంతే. నిదానంగా ఆలోచిస్తే అంతే.

ఈ నీళ్ల కేంద్రంలో పొద్దున గేటు తెరిచిన దగ్గర్నుంచీ ఇదే మాట. మూడో పంపు కట్టేయ్. వాల్వు కట్టేయ్. లైటు కట్టేయ్, కుళాయి కట్టేయ్. కట్టేయడమంటే ఆపేయడం. ముడి వేయడం కూడా కట్టేయడమే. సంచి మూతి కట్టేయ్, గేటుకు కుక్కను కట్టేయ్. ఒకే మాట. నన్ను ఎవరైనా ఏం చేయమంటారు? వాడు ఆపావా అనే అర్థంలో అడిగాడు. నేను ముడి వేశాను అనే అర్థంలో చెప్పాను. ఇంజను మోత, పంపుల మోత, చెవులకు డిప్పలు. ఇద్దరి మధ్యా మాట జారి పడిపోయింది. ఎవరి తప్పూ కాదు. ఇలా చెబితే ఎవరైనా ఒప్పుకుంటారు. మేడమ్ కూడా ఒప్పుకుంటుంది. అయ్యో పాపం అంటుంది.

లివరు కట్టడం తప్పే. అది ఒప్పుకుంటాను. కానీ ఆ మాట మాత్రం పొరపాటు. అప్పుడు నేను ఏమనుకున్నానంటే

జులై 1, మంగళవారం

నిన్న భోజనాల గంట అయిపోయింది, అందుకే మధ్యలో ఆగింది.

జులై 4, శుక్రవారం

ఇవాళ పనికి వెళ్లలేదు. సూపర్‌వైజరు నా మొహం చూసి "నాలుగు రోజులు సెలవు తీసుకో" అన్నాడు. సెలవు తీసుకుంటాను అంటే చచ్చిపోయేవాడు అన్న మాటలా ఉంటుంది. చూశావా, మళ్లీ.

పుస్తకం ఇంటికి తెచ్చుకున్నాను. వాడు వాకిట్లో పీట వేసుకుని ఎడమచేత్తో రాస్తున్నాడు. పది రోజులుగా ఒకటో తరగతి పిల్లల కాపీ పుస్తకంలో అక్షరాలు దిద్దుతున్నాడు. ఇవాళ పూర్తి కాగితం రాశాడు. పొద్దుటినుంచి పదకొండింటి దాకా పట్టింది.

"బావా, తప్పులుంటే దిద్దు. విచారణలో ఇవ్వాలి" అన్నాడు.

చదివాను. అక్షరాలు వానలో తడిసిన చీమల్లా ఒక్కోటి ఒక్కో దిక్కుకు పోతున్నాయి. 'నేను రెండో నంబరు మిషన్ వద్ద సహాయకుణ్ణి. నడిపే వ్యక్తి బ్లేడు కట్టేసినట్లు నాకు స్పష్టంగా చెప్పారు. నేను మూడు సెకన్లు ఆగలేదు. ఆగినట్లు నాకు జ్ఞాపకం ఉంది కానీ ఆ జ్ఞాపకం తప్పు. ప్రమాదం నా నిరలక్ష్యం వల్లనే జరిగింది. నడిపే వ్యక్తిని ఏమీ అనవద్దని కోరుతున్నాను.'

"నిర్లక్ష్యం అని రాయాలి. ర పొల్లు పోయింది" అన్నాను.

అదీ నేను అన్న మాట. ఆ కాగితం చింపేయాల్సినవాణ్ణి. కాళ్ల మీద పడాల్సినవాణ్ణి. పెన్ను తీసుకుని ర కింద గీత గీశాను.

"థాంక్స్ బావా" అని కొత్త కాగితం తీసి మళ్లీ మొదటినుంచీ రాయడం మొదలుపెట్టాడు.

జులై 5, శనివారం

నాకు అక్షరం ముక్క రాకపోయి ఉంటే బాగుండేది.

జులై 8, మంగళవారం

మా ఆవిడ నా కంచం తీసేస్తూ అడిగింది. "వాడి మీద బెంగేనా, ఇంకేమైనా ఉందా?"

"బెంగే."

"వాడు ఇవాళ పొద్దున నా చెయ్యి పట్టుకోబోయి ఆగాడు. మూడు లెక్కపెట్టాడు. నేను వాడి అక్కనండీ. నన్ను పట్టుకోడానికి లెక్క దేనికి వాడికి?" అని, కంచం అక్కడే పెట్టి, చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. వాడు పక్క గదిలో ఉన్నాడని.

అప్పుడు నిశ్చయించుకున్నాను. వేళ్లు ఎలాగూ తిరిగి రావు. వాడి బుర్రను వాడికి ఇచ్చేయాలి. వాడు లెక్కపెట్టాడు. ఆగాడు. ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే, నేను నోరు మూసుకుని కూర్చుంటే వాడు బతికినన్నాళ్లూ తనను తానే నమ్మడు.

జులై 10, గురువారం

రేపు. ట్యూబు ముక్క జేబులో పెట్టుకున్నాను. ఇన్నాళ్లూ దాన్ని పారేయలేదు. ఎందుకో నాకు తెలియదు. రేపటికే అయి ఉంటుందిలే అని నన్ను నేను మెచ్చుకోబోయాను. అది కూడా అబద్ధమే. పారేస్తుంటే ఎవరైనా చూస్తారని భయం, అంతే.

జులై 11, శుక్రవారం

మధ్యాహ్నం మూడున్నర. ఇల్లు ఖాళీగా ఉంది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున పదింటికి, పంపుహౌసు వెనక అదే గది. మేడమ్, గుమస్తా, సూపర్‌వైజరు, వాడు, నేను. మా ఆవిడ బయట బల్ల మీద కూర్చుంది. వాడి కాగితం మేడమ్ పైకి చదివింది. నిర్లక్ష్యం అన్నచోట ర పొల్లు సరిగ్గా ఉంది. చదివాక నన్ను చూసి "మీరేమైనా చెప్పాలా?" అంది.

లేచాను.

"మేడమ్, నేను లివరు కట్టేశాను."

"అవును, కట్టేశారనే ఉంది ఇందులో."

"అది కాదు మేడమ్. నేను కట్టేశాను."

"అదే కదండీ. మీరు కట్టేశారు, అతను ఆగకుండా..."

సూపర్‌వైజరు నా మోచెయ్యి పట్టుకుని కూర్చోబెట్టబోయాడు, పాపం మనిషి బాగోలేదు అన్నట్టు. ఇరవై రెండేళ్లు మాటలతో ఆడుకున్నాను. ఆ ఒక్క నిమిషం నాకు సూటి మాట ఒక్కటి దొరకలేదు. జేబులోంచి ట్యూబు ముక్క తీసి బల్ల మీద పెట్టాను.

"దీంతో ముడి వేశాను. లివరును హ్యాండిలుకు బిగించేశాను. బ్లేడు ఆగలేదు. ఆపలేదు నేను. కట్టేశాను అని రాయకండి, ముడి వేశాను అని రాయండి. వాడు మూడు కాదు, మూడు వందలు లెక్కపెట్టినా వేళ్లు పోయేవే."

గుమస్తా చేతులు ఆగిపోయాయి. నేను వాడి వైపు చూడలేదు. చూడలేకపోయాను.

మేడమ్ ఆ ముక్క అటూ ఇటూ తిప్పి చూసి, "అంటే అతను ఆపారా అని అడిగాడు, మీరు ముడి వేశారా అని అడిగాడనుకున్నారు. ఒకే మాట. పంపుల మోతలో ఇద్దరూ వేరువేరుగా అనుకున్నారు. అంతేనా?" అంది.

నేను అడక్కుండానే ఇచ్చింది. నేను జూన్ ముప్పైన రాసుకున్నదంతా, ఒక్క ముక్క పోకుండా.

"అంతే మేడమ్" అన్నాను.

'అపార్థం వలన' అని గుమస్తా కొట్టాడు. వాడిది తప్పు కాదని అక్కడికక్కడే రాశారు. సోమవారం నుంచి గేజీల పని. నన్ను ఇవాళ్టినుంచే రావద్దన్నారు, షెడ్డు తాళాలు ఇచ్చేయమన్నారు. ఇచ్చేశాను. నాకు బాధ వేయలేదు. బరువు దిగినట్టు, ఊపిరి ఆడినట్టు అనిపించింది. బుద్ధి లేనివాణ్ణి, బయటికి వస్తూ ఇక అంతా సర్దుకుంటుందని కూడా అనుకున్నాను.

బల్ల దగ్గర మా ఆవిడ లేచి నిలబడింది. తలుపు పల్చటిది, అన్నీ వినపడ్డాయి. నన్ను కొడుతుందేమో అనుకున్నాను. కొట్టలేదు. "ఇన్నాళ్లూ వాణ్ణి నేను తిట్టాను" అంది.

వాడు నా ముందుకొచ్చి నిలబడ్డాడు. కోపం లేదు ముఖంలో. చార్టు చదివేటప్పుడు ఉండే ముఖమే, ఒక్కో పాయింటూ అర్థం చేసుకునే ముఖం.

"అయితే నేను లెక్కపెట్టాను బావా."

"పెట్టావు."

"నా బుర్ర బాగానే ఉంది."

"బంగారంలా ఉంది రా."

"ఇంకొక్కటి అడుగుతాను. నిజం చెప్పు. నేను కట్టేశావా అన్నప్పుడు, ఏది అడుగుతున్నానో నీకు అర్థం కాలేదా?"

కాలేదు అంటే అయిపోయేది. మేడమ్ నమ్మింది, కాగితం మీద ముద్ర పడింది, మా ఆవిడ కూడా నమ్మేదే. ఆ ఒక్క మాట చాలు, ఇవాళ రాత్రికి ముగ్గురం ఒకే ఇంట్లో తినేవాళ్లం. కానీ వాడు నిజం చెప్పమన్నాడు. తనమీద తనకు నమ్మకం ఇప్పుడే తిరిగొచ్చింది వాడికి. దాన్ని మళ్లీ పాడుచేయలేకపోయాను.

"అర్థమైంది" అన్నాను. "పొద్దుటినుంచి అది నాలుగోసారి నువ్వు అడగడం. తడిగడ్డి అన్నావు, బూట్లు అన్నావు, రాళ్లు ఏరలేదన్నావు. చిర్రెత్తుకొచ్చింది నాకు. కట్టేశాను అంటే నువ్వు ఆపాననుకుంటావు, నేను అబద్ధమూ ఆడినట్టు కాదు అనిపించింది. భలే అన్నాను అనుకున్నాను. నువ్వు కర్రతోనే గడ్డి తీస్తావనుకున్నాను రా. చెయ్యి పెడతావని అనుకోలేదు. ఒట్టు. నాకు, నాకు నవ్వొచ్చింది. అదీ జరిగింది."

ఇది ఈ పుస్తకంలో కూడా రాయలేదు నేను. రాయబోయి ఆగిపోయాను.

వాడు కట్టు ఉన్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"చూశాను" అన్నాడు. "నువ్వు నవ్వడం చూశాను బావా. ఇంజను మోతలో నువ్వు ఏమన్నావో నాకు సరిగ్గా వినబడలేదు. మూడు లెక్కపెట్టాక కూడా అనుమానం పోలేదు, ఇంజను కూడా ఆగేలా ప్లగ్గు వైరు పీకమని చెబుదామనుకున్నాను. అప్పుడు నువ్వు నా వైపు చూసి నవ్వావు. పొద్దుటినుంచి నామీద చిరాగ్గా ఉన్నావు కదా, నవ్వేసరికి నాకు ఎంత హాయిగా అనిపించిందో! బావ నవ్వాడు, ఇంక భయమేముంది అని పెట్టాను చెయ్యి."

మా ఆవిడ వాడి భుజం మీద చెయ్యి వేసింది. "పద నాన్నా" అంది. ఇద్దరూ గేటు దాటి బస్సు స్టాపు వైపు వెళ్లారు. నేను వాళ్ల వెనకాల వెళ్లలేదు. వాళ్లు ఇంటికి రాలేదు.